ఫ్లాటుకో నీళ్ల మీటరు: అనంతపురంలో రెండు ఎండాకాలాలు వాడాక

ఐదుకు మూడున్నర. మీటరు ఒక్కదానికే అయితే నాలుగున్నర ఇచ్చేదాన్ని, మీటరుతో పాటు వచ్చే యాప్ లాగేసింది, సర్వీసు ఇంకాస్త లాగింది. కంపెనీ పేరు రాయడం లేదు. మాకు కొటేషన్ ఇచ్చినవాళ్లందరి సరుకూ ఇంచుమించు ఒకటే, డబ్బా మీద స్టిక్కరు తేడా, కాబట్టి పేరుతో మీకు పనేం లేదు. మీ అపార్ట్‌మెంట్‌లో ఇవి పెట్టించాలా వద్దా అని వాట్సాప్ గ్రూపులో కొట్టుకుంటున్నవాళ్ల కోసం రాస్తున్నా. పొడుగ్గానే ఉంటుంది. ఓపిక లేనివాళ్లు చివరి నుంచి రెండో పేరా చదువుకుని వెళ్లిపోవచ్చు.

మాది రాంనగర్ వైపు, ఇరవై నాలుగు ఫ్లాట్లు. అసోసియేషన్ లెక్కలు నేను చూస్తాను, ఇంకెవరూ ముందుకు రాలేదు కాబట్టి. మాకు రెండు లైన్లు. వంటింటికి కొళాయి నీళ్లు: కార్పొరేషన్ వాళ్లు వదిలినప్పుడు సంపులోకి దిగి, అక్కణ్ణించి పైన చిన్న ట్యాంకుకు ఎక్కుతాయి. బచ్చళ్లకూ (అదే, బాత్‌రూములకు), బట్టలూ బోకులూ కడిగే చోటుకూ బోరు నీళ్లు, బోరు అడుగంటితే ట్యాంకరు. మీటర్లు రాకముందు ఈ ఖర్చంతా మెయింటెనెన్స్‌లో కలిపి ఫ్లాటుకింత అని సమానంగా పంచేవాళ్లం. ఏప్రిల్ దాటిందంటే మీటింగులో ఒకటే గలాటా. ఇద్దరే ఉండే రిటైర్డ్ సారు, ఏడుగురుండే కుటుంబం ఒకే డబ్బు ఎందుకు కట్టాలని ఒకాయన లేస్తాడు, ఇంట్లో మనుషులు జాస్తి ఉండటం మా తప్పా అని ఇంకొకాయన లేస్తాడు. నీళ్లు ఆదా చేయండని లిఫ్టు పక్కన రంగు కాగితం మీద నోటీసు కూడా అంటించాం. నెల తిరక్కుండా దాని మీద ఎవరో పాల ప్యాకెట్ల లెక్క రాసుకున్నారు.

నోటీసు చదివి మారేంత తీరిక ఎవరికీ లేదు. పైగా సమానంగా పంచినప్పుడు నేను వెయ్యి లీటర్లు ఆదా చేస్తే నా జేబుకు మిగిలేది అందులో ఇరవై నాలుగో వంతు. వెయ్యి లీటర్లు పారబోసినా నాకు పడేది ఇరవై నాలుగో వంతే. ఈ లెక్క ఎవరూ కాగితం మీద వేసుకోరు, కానీ కొళాయి కట్టేసే చేతికి తెలుసు. దుర్మార్గులెవరూ లేరు మా అపార్ట్‌మెంట్‌లో, అందరూ మంచివాళ్లే, ఎండాకాలం గేటు ముందు చలివేంద్రం పెట్టి దారిన పోయేవాళ్లకు మజ్జిగ పోసేవాళ్లే. అదే మనుషులు పైట్యాంకు నీళ్ల దగ్గరికి వచ్చేసరికి మనం వాడకపోతే పక్కింటివాడు వాడతాడు అనుకుంటారు.

2024 ఎండలు ముదరకముందే మీటర్లు పెట్టించాలని తీర్మానం అయింది. మొదటి ఝలక్ కొటేషన్ దగ్గరే తగిలింది. ఫ్లాటుకు ఒక మీటరు చాలనుకున్నారు అందరూ. మన అపార్ట్‌మెంట్లలో పైట్యాంకు పైపు ఫ్లాటులోకి ఒకే చోట నుంచి రాదు. షాఫ్ట్‌లో ఒక్కో బచ్చలికి ఒక్కో పైపు పైనుంచి నిలువుగా దిగుతుంది, వంటింటికి వేరే, బాల్కనీలో వాషింగ్ మెషీన్ దగ్గరికి వేరే. అంటే డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటుకే మూడు నాలుగు మీటర్లు. ఖర్చు కూడా అన్ని రెట్లు. అమ్మడానికి వచ్చిన అబ్బాయి ఈ ముక్క ముందు చెప్పడు, మనమే అడగాలి.

మీటర్లలో రెండు రకాలు. చక్రం తిరిగే పాత రకం చవక. కానీ మన బోరు నీళ్లలో సన్న ఇసుక వస్తుంది, ఉప్పు తెల్లగా పొరలు కడుతుంది (గీజరు విప్పినవాళ్లకు తెలుసు ఎంత పేరుకుంటుందో), దాంతో చక్రం నిదానిస్తుంది. సన్నగా కారే ధారకైతే అసలు తిరగనే తిరగదు. అల్ట్రాసోనిక్ రకంలో తిరిగే భాగాలేం ఉండవు. నీళ్లు పారే వైపు ఒకసారి, ఎదురు ఒకసారి శబ్దాన్ని పంపించి, రెండింటికీ పట్టిన టైములో తేడాను బట్టి ఎన్ని నీళ్లు పోయాయో లెక్క కడుతుంది. మేం ఇదే తీసుకున్నాం, ముందు ఒక జాలీ పెట్టించాం ఇసుక ఆగడానికి. మీటరు మీద నాకు ఒక్క ఫిర్యాదు లేదు. బిగించడానికి వచ్చినవాళ్లు షాఫ్ట్ వైపు టైల్స్ పగలగొట్టి, తెల్ల టైల్ ఉన్నచోట క్రీమ్ టైల్ వేసిపోయారు, అది వేరే సంగతి.

ఇక అసలు విషయానికి వస్తా. అందరి అనుమానం ఏడుగురున్న ఫ్లాటు మీద. ఆ ఇంటావిడ పొద్దున్నే పైపు పెట్టి వరండా కడిగి ముగ్గేస్తుంది, ఆఫీసుకు దిగిపోయేవాళ్లందరూ చూస్తారు. మొదటి నెల లెక్క వచ్చాక చూస్తే అందరికంటే జాస్తి వాడింది ముగ్గురే ఉండే వేరే ఫ్లాటు. పాపం వాళ్లు పొద్దున తాళం వేసుకుని పోతే చీకటి పడ్డాక వస్తారు. గంట గంట గ్రాఫ్ తీసి చూస్తే రాత్రి రెండింటికీ, మూడింటికీ కూడా గీత సున్నాకు దిగడం లేదు. ఫ్లష్ ట్యాంకు లోపల రబ్బరు అరిగిపోయి, కమోడ్ గోడ వెంబడి చప్పుడు లేకుండా జారిపోతోంది. టిష్యూ కాగితం అద్ది చూస్తే గానీ కంటికి కనపడదు. ఆ రబ్బరు మార్చి, ఆ తర్వాత మిగతా ఫ్లాట్లలో రాత్రి గీతలు చూసుకుంటూ పోతే ఇలాంటివి ఇంకో నాలుగైదు దొరికాయి.

వరండా కడగడం కనపడుతుంది, ఫ్లష్ కారడం కనపడదు, మన కోపం కనపడేదాని మీదికే పోతుంది. షాజీన్ అత్తారి అనే పరిశోధకురాలు అమెరికా జనాన్ని ఇదే అడిగి 2014లో ప్రచురించింది, ఏ పనికి ఎన్ని నీళ్లు పోతాయో చెప్పండి, ఆదా చేయాలంటే ఏం చేస్తారో చెప్పండి అని. జనం సగటున అసలు వాడకంలో సగమే ఊహించారట. ఆదా అంటే స్నానం త్వరగా ముగించడం అన్నవాళ్లే జాస్తి, టాయిలెట్ మార్చాలన్న మాట చెప్పినవాళ్లు చాలా తక్కువ. పాత రకం ఫ్లష్ ఒక్క నొక్కుకు పది లీటర్లు వదులుతుంది, రెండు బటన్లది ఆరు, చిన్న బటన్ నొక్కితే మూడు. బొక్కెన స్నానం చేసే ఇంట్లో స్నానాన్ని తగ్గించమని పిల్లల్ని అరిచే బదులు ఈ బటన్ సంగతి చూసుకుంటే చాలు. ఈ ఒక్క పనికే, అంటే కంటికి కనపడని దాన్ని గీతగా చూపించినందుకే, మీటరుకు నా ఓటు.

వంటింటి లైనులో కనిపించింది మాత్రం ఏ ప్లంబరూ బాగు చేయలేనిది. మా వైపు కొళాయి నీళ్లు రోజు మార్చి రోజు వస్తాయి, ఎండల్లో అదీ లెక్క తప్పుతుంది. నీళ్లు వచ్చిన రోజు, సంపు నిండి మోటారు వేసిన అరగంటలో, ఇరవై నాలుగు వంటిళ్ల గీతలూ నిటారుగా లేస్తాయి. ఆ అరగంటలో ఇంత నీళ్లతో ఏం చేస్తున్నారబ్బా అని మా ఇంట్లోనే నిలబడి చూశాను. మా అత్తమ్మ స్టీలు డ్రమ్ము మూత తీసింది, అందులో సగానికి పైనే నీళ్లున్నాయి, నిన్నగాక మొన్న పట్టినవే. చెంబుతో తోడి సింకులో పోసింది. అడుగున మిగిలినవి డ్రమ్మును వంచి పోసింది. పీచుతో లోపల రుద్ది, రెండుసార్లు కడిగి, మళ్లీ నిండా పట్టింది. తర్వాత రెండు బిందెలకూ అదే వరస.

"ఆ నీళ్లకేమైంది అత్తమ్మా?"

"పాత నీళ్లు కదమ్మా, కొత్త నీళ్లు వచ్చినాయి కదా."

పైట్యాంకులో నిన్నటి నీళ్లూ ఈరోజు నీళ్లూ కలిసే ఉంటాయని చెప్పి చూశాను. నావైపు ఒక చూపు చూసి మూడో బిందె తెచ్చింది.

ఆమె దుబారా మనిషి కాదు, అది ముందు అర్థం చేసుకోవాలి. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోస్తుంది, కూరగాయలు కడిగినవి మెట్ల మీద చల్లుతుంది. కళ్యాణదుర్గం వైపు పల్లెలో పుట్టింది, బోర్లలో ఫ్లోరైడ్ ఉన్న ఊరు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర దాకా చూసీచూడనట్టు పోవచ్చని ప్రమాణం. అది దాటితే పళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి, ఇంకా బాగా ఎక్కువైతే ఎముకలు గట్టిపడి నడుములు వంగుతాయి, కాచినా అది పోదు. 1995 తర్వాత సత్యసాయి పథకం పైపులు జిల్లాలో వందల పల్లెలకు చేరేదాకా తాగే నీళ్లంటే నెత్తిన మోసి తెచ్చుకునేవే. అంత దూరం మోసినామె నీళ్లను పారబోస్తోందంటే, మళ్లీ వస్తాయన్న నమ్మకం ఆ అరగంట మాత్రమే ఉండటం వల్ల. ఉన్న అరగంటలో ఇల్లంతా నింపుకోవాలి, నింపుకోవడానికి ఖాళీ గిన్నె కావాలి, ఖాళీ కావాలంటే ఉన్నవి పోవాలి. నీళ్లు రావేమోనన్న భయం మనిషిని పొదుపు చేయిస్తుందని మనం అనుకుంటాం. మా వంటింటి గ్రాఫ్ చెప్పేది తిరకాసుగా ఉంది, భయం పెరిగిన రోజే వాడకం పెరిగింది.

దీనికి ఇంకో సాక్ష్యం కూడా దొరికింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది కదా. మన ఊరి తాగునీటికి పీఏబీఆర్ (పెన్నా అహోబిలం రిజర్వాయరు) ఆధారం, దానికి తుంగభద్ర ఎగువ కాలువ హెచ్చెల్సీ నుంచీ, హంద్రీ-నీవా కాలువ నుంచీ నీళ్లు చేరాలి. గేటు పోయినంత మాత్రాన మరుసటి రోజు మన కొళాయి ఆగదు, ఆ సంగతి గ్రూపులో ఒకరిద్దరు చెప్పారు కూడా. ఎవరు వింటారు? ఆదివారం పొద్దున టీవీలో డ్యామ్ కనిపించింది, మధ్యాహ్నానికి మా సంపు ఖాళీ. మీటర్లు పెట్టాక అంత వాడకం ఇంకే రోజూ లేదు. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు పారే నీళ్లలోనే అడ్డుపలకలు దింపించి డ్యామ్‌ను కాపాడుతుంటే, ఇక్కడ మేం టబ్బులూ, ఐస్ డబ్బాలూ, పిల్లల ఈత కొట్టే గాలి తొట్టీ కూడా నింపుకుని కూర్చున్నాం. రెండు రోజులాగి ఆ తొట్టి నీళ్లు ఎటు పోయాయో అడక్కండి.

డబ్బు సంగతి. నగరాలకు నీళ్ల పథకాలు వేసేటప్పుడు మనిషికి రోజుకు 135 లీటర్లని సర్కారు లెక్క ఒకటి ఉంది. దాన్నే గీతగా పెట్టి, అది దాటిన వాడకానికి రెట్టింపు రేటు అన్నాం. మనిషికి ఇంత అనగానే ఇళ్లలో మనుషులు పెరిగిపోయారు. హైదరాబాద్‌లో కొడుకు దగ్గరుండే అమ్మమ్మ పేరు ఒక ఫ్లాటు జాబితాలోకి ఎక్కింది, ఉద్యోగం బెంగళూరులో చేసే కొడుకు ఇంకో జాబితాలోకి. సరే, అవి తేల్చాం. తర్వాత వచ్చింది అసలు సమస్య. పైఅంతస్తులో ఒకాయన అంతకుముందు కారు కడిగేటప్పుడు ఎవరైనా చూస్తున్నారేమోనని కాస్త వెనకాముందు ఆడేవాడు. రెట్టింపు రేటు వచ్చాక దర్జాగా పైపు పెట్టి కడగడం మొదలుపెట్టాడు. ఏమైనా అంటే "కడుతున్నాను కదా మేడం" అంటాడు. ఇజ్రాయెల్‌లో హైఫా అనే ఊళ్లో పిల్లల్ని డేకేర్ నుంచి ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు జరిమానా పెట్టి చూశారు, ఆలస్యాలు తగ్గకపోగా పెరిగాయి, జరిమానా ఎత్తేశాక కూడా తగ్గలేదు. గ్నీజీ, రుస్టికిని అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2000లో రాశారు దీని గురించి. మా కారాయన విషయంలో అచ్చంగా అదే జరిగింది, సిగ్గుపడే పని కాస్తా కొనుక్కున్న హక్కయింది. నా అభిప్రాయం ఏమిటంటే నీళ్లకు రేటు పెట్టండి, కానీ రేటు మనిషికి నొప్పి కలిగేంత ఉండాలి, లేదా అసలు వద్దు. మధ్యస్తంగా పెడితే డబ్బున్నవాడికి లైసెన్స్ ఇచ్చినట్టే.

యాప్ గురించి చెప్పాలంటే ఓపిక కావాలి. మొత్తం ఇంగ్లీషు. మోటారు వేసేది మా వాచ్‌మన్, ఆయనకు ఆ యాప్‌లో పనికొచ్చేది ఒక్క ముక్క లేదు. సలహాలు పంపిస్తుంది రోజూ, షవర్ ఐదు నిమిషాలకు తగ్గించండి, డిష్‌వాషర్ నిండాకే వేయండి అని. మా అపార్ట్‌మెంట్‌లో సగం షవర్లు ఉప్పు పట్టి ఎప్పుడో మూసుకుపోయాయి, డిష్‌వాషర్ ఎవరింట్లోనూ లేదు. నిన్నటి నీళ్లు పారబోయకండి అన్న సలహా ఒక్కటి పంపి ఉంటే నెత్తిన పెట్టుకునేదాన్ని. ఇది తయారుచేసినవాళ్లు రోజంతా నీళ్లుండే ఊళ్లో కూర్చుని చేశారు, నీళ్ల కోసం ఎదురుచూసే ఇల్లు ఎలా ఉంటుందో వాళ్లకు తెలియదు.

ఇంకో తంటా, ప్రతి నెలా అపార్ట్‌మెంట్ సగటు ఇంత, మీరు ఇంత అని పంపిస్తుంది. ఎక్కువ వాడేవాళ్లు కొంచెం తగ్గారు, నిజమే. మా రిటైర్డ్ సారు మాత్రం ఆ అంకె చూసి "మనం మరీ ఇంత తక్కువ వాడుతున్నామా" అని మేడ మీద కుండీలకు రోజుకు రెండుసార్లు పైపు పెట్టసాగారు. తర్వాత తెలిసింది, కాలిఫోర్నియాలో శాన్ మార్కోస్ అనే ఊళ్లో కరెంటు వాడకం మీద చేసి 2007లో ప్రచురించిన పరిశోధనలో కూడా ఇదే తేలిందని. సగటు చెప్పగానే జాస్తి వాడేవాళ్లు తగ్గించారు, తక్కువ వాడేవాళ్లు పెంచేశారు. అంకె పక్కన ఒక నవ్వే ముఖం బొమ్మ వేసి పంపిస్తే ఆ పెంచడం ఆగిందట. యాప్‌లో బొమ్మ పెట్టమని కంపెనీకి మెయిల్ పెట్టాను, వచ్చే అప్‌డేట్‌లో చూస్తామన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు.

అందుకని లిఫ్టు పక్కన నల్లబోర్డు పెట్టాం. వాచ్‌మన్ కూతురు ఏడో తరగతి, ఆదివారం ఆదివారం మేం ఇచ్చిన చీటీ చూసి ఫ్లాటు నంబరు, లీటర్లు రాసి, గీతకు లోపల ఉన్నవాళ్లకు చాక్‌పీసుతో నవ్వు ముఖం వేస్తుంది. కొందరికి మీసాలు కూడా. యాప్ తెరవని మనుషులు ఈ బోర్డు ముందు ఆగారు. బొమ్మ రాలేదని ఒక పెద్దాయన ఆ పాపతో బేరాలాడటం నేను కళ్లారా చూశాను. సారు కుండీలకు మళ్లీ మగ్గు పట్టారు.

బోర్డుకు చెడ్డ కోణం కూడా ఉంది, అది దాచను. ఒక ఇంట్లో పెద్దావిడ మంచం పట్టింది, దుప్పట్లూ బట్టలూ రోజూ ఉతకాలి. వాళ్ల అంకె ఎప్పుడూ పైనే. ఆ కోడలు లిఫ్టులో ఎవరు ఎక్కినా అడక్కుండానే సంజాయిషీ చెప్పుకోవడం మొదలుపెట్టింది. చూడబుద్ధి కాలేదు. అప్పటి నుంచి అందరికంటే ఎక్కువ వాడినవాళ్ల అంకెలు రాయడం మానేశాం, తమ పోయిన నెల కంటే తగ్గినవాళ్ల పేర్లు మాత్రం రాస్తున్నాం. కంపెనీవాళ్లు దూరం నుంచే కట్టేసే వాల్వు కూడా అంటగట్టాలని చూశారు, డబ్బు కట్టని ఫ్లాటుకు నీళ్లు ఆపేయొచ్చట. మీటింగులో ఒక్కరంటే ఒక్కరు చెయ్యెత్తలేదు. మన వైపు పగవాడింటికి పోయినా ముందు చెంబుడు నీళ్లిస్తారు.

పోటీ వేడి ఎంతోకాలం నిలవదు, అదీ చెప్పాలి. అట్లాంటా పక్కన కాబ్ కౌంటీలో 2007లో లక్ష పైచిలుకు ఇళ్ల మీద ప్రయోగం చేశారు, అందులో ఇరుగుపొరుగుతో పోల్చి ఉత్తరం రాసిన ఇళ్లలో వాడకం ఐదు శాతం దాకా తగ్గింది, ఆ తర్వాత నెలలు గడిచేకొద్దీ ఆ ప్రభావం పల్చబడింది. మా బోర్డు ముందు కూడా జనం పల్చబడ్డారు.

గట్టిగా నిలబడింది వేరొకటి, అది మీటరు కంపెనీ అమ్మినది కూడా కాదు. సెక్రటరీ గారితో మాట్లాడి రెండు పనులు చేశాం. ఒకటి, వంటింటి మోటారు రోజూ ఒకే టైముకు, కొళాయి వచ్చినా రాకపోయినా. రెండు, ప్రతి సాయంత్రం వాచ్‌మన్ సంపులో కర్ర ముంచి, తడి ఎక్కడిదాకా ఉందో ఫొటో తీసి గ్రూపులో పెడతాడు. ఈరోజు కర్ర మూడొంతులు తడిసింది, అంతే, కింద ఒక్క మాట రాయడు. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. కొన్ని వారాలకు వంటింటి గ్రాఫ్‌లో ఆ నిటారు గీత మెల్లగా వాలడం మొదలైంది, నీళ్లు వచ్చిన రోజుకూ రాని రోజుకూ తేడా తగ్గింది. మా అత్తమ్మ డ్రమ్మును ఇప్పుడు వారానికోసారే వంచుతోంది. నేనేం చెప్పలేదు. ఫొటో చూస్తుంది, "ఇంకా ఉన్నాయిలే" అంటుంది. కర్ర ఫొటో రాని సాయంత్రం మాత్రం బిందెల చప్పుడు మొదలవుతుంది, అది మారలేదు.

సర్వీసు గురించి క్లుప్తంగా. టెక్నీషియన్ బెంగళూరు నుంచి రావాలి, దగ్గరే కదా అనుకుంటాం గానీ పిలిచిన వారానికి వస్తాడు. ఉరుములు మెరుపులు వచ్చినప్పుడల్లా మేడ మీద పెట్టిన సిగ్నల్ డబ్బా ఆగిపోతుంది, ఆ రోజుల రీడింగ్ తర్వాత ఒక్కసారిగా వచ్చి పడి ఎవరి ఫోన్లోనో "మీ ఇంట్లో లీకేజీ" అని అలారం కొడుతుంది. అర్ధరాత్రి బచ్చళ్లన్నీ వెతుక్కున్నవాళ్లున్నారు. మీటరు మీద అంకె మాత్రం ఎప్పుడూ తప్పలేదు, మీటరు దగ్గరే చూసి రాసుకుంటే సరి.

మొత్తం మీద ట్యాంకర్లు తగ్గాయా అంటే తగ్గాయి. ఇదివరకు మే నెలలో దాదాపు రోజూ గేటు దగ్గర ట్యాంకరు ఉండేది, ఇప్పుడు వారానికి ఒకటో రెండో. అందులో పెద్ద వాటా లీకులదే, మన మనసు మారడం వల్ల వచ్చింది దాని తర్వాతే.

కొనేవాళ్లు ఇవి చూసుకోండి. ముందు మీ ప్లంబరుతో ఫ్లాటుకు ఎన్ని పైపులు దిగుతున్నాయో లెక్కపెట్టించి, అప్పుడు కొటేషన్ అడగండి. బోరు నీళ్లయితే అల్ట్రాసోనిక్ తప్ప వేరేది వద్దు, ముందు జాలీ ఉండాలి. ఎంత సన్న ధారను పట్టుకుంటుందో కాగితం మీద రాయించుకోండి, కారే ఫ్లష్ దొరికేది దాంతోనే. గంట గంట లెక్క ఎక్సెల్‌లో ఇస్తారో లేదో అడగండి, ఇవ్వకపోతే కొనొద్దు. సంపు పైపుకు ఒక పెద్ద మీటరు కూడా పెట్టించండి, దాని అంకెకూ ఫ్లాట్లన్నీ కలిపిన అంకెకూ తేడా వస్తే లీకు కామన్ పైపులో ఉన్నట్టు. కట్టేసే వాల్వు తీసుకోవద్దు. పది ఫ్లాట్ల లోపు చిన్న బిల్డింగ్ అయితే ఇవేవీ వద్దు, ఒక ఆదివారం అందరి ఫ్లష్ ట్యాంకులూ విప్పి చూసి, కర్ర ఫొటో మొదలుపెట్టండి, డబ్బు మిగులుతుంది.

యాప్ చందా ఈ నెలాఖరుకు అయిపోతోంది. రీడింగ్‌కు మాత్రం కడతాం, సలహాలూ అలారాలూ తీసేసి రేటు తగ్గించండి అన్నాను. రెండూ కలిపే ఇస్తాం మేడం, విడిగా లేవు అంటున్నారు. బేరం ఇంకా తెగలేదు. తెగాక కింద అప్‌డేట్ పెడతా.